క్రిస్మస్‌లోపు ఒకరితో సమాధానపడాలంటే

చిన్నప్పుడు సమాధానం అంటే నాకు తెలిసిన అర్థం ఒకటే, పరీక్షలో ప్రశ్న కింద రాసేది. అందుకే క్రిస్మస్ ఆరాధనలో "ఆయన కిష్టులైన మనుష్యులకు భూమిమీద సమాధానమును కలుగునుగాక" అని చదివినప్పుడల్లా, ఇంతకీ ప్రశ్న ఎవరడిగారా అని ఆలోచించేవాణ్ణి. పెద్దయ్యాక తెలిసింది, తెలుగు బైబిల్లో చాలాచోట్ల శాంతికి వాడిన మాటే సమాధానం అని. దాని వెనక ఉన్న హీబ్రూ మాట షాలోమ్. గొడవలు లేకపోవడం ఒక్కటే షాలోమ్ కాదు. ఏదీ విరగకుండా, ఏదీ తక్కువ పడకుండా అంతా నిండుగా ఉండటం. ఇంకో విషయం ఏమిటంటే, నిర్గమకాండం 22వ అధ్యాయంలో దొంగిలించినవాడు సొమ్ము తిరిగి కట్టాలి అని రాసిన చోట వాడిన క్రియ కూడా ఇదే ధాతువులోంచి వచ్చింది. అంటే ఆ భాషలో శాంతికీ, బాకీ తీర్చడానికీ వేరు ఒకటే.

మన భాషలో ఇలాంటి తమాషా మాట ఇంకొకటుంది, క్షమాపణ. తప్పు చేసినవాడు క్షమాపణ చెబుతాడు, దేవుడి దగ్గర క్షమాపణ పొందుతాడు. చెప్పేదీ క్షమాపణే, పొందేదీ క్షమాపణే. ఈ రెండూ కలిసిపోయి ఉండటం వల్లనేమో, "వాడు వచ్చి క్షమాపణ చెప్పనీ, అప్పుడు చూద్దాం" అని ఏళ్ల తరబడి కూర్చుంటాం.

మీకు మాటలు లేని మనిషి ఒకరున్నారనుకోండి. అన్నో చెల్లెలో, పాత స్నేహితుడో, ఒకే సంఘంలో రెండు వరుసల అవతల కూర్చునే మనిషో. ఈ క్రిస్మస్‌కి ఆ సంగతి ఏదో ఒకటి తేల్చాలనుకుంటే ఎలా చేయాలో ఒక వరుసలో చెప్తాను. నేను ఒకసారి చేశాను. సగం తప్పుగా చేశాను. అందువల్లే కొన్ని సంగతులు కాస్త నమ్మకంగా చెప్పగలను.

ముందు వరుస తెలుసుకోండి

క్రిస్మస్ అనగానే శాంతి అంటాం. కానీ ఆ కథలో శాంతి కంటే ముందు వచ్చేది క్షమాపణ. మత్తయి మొదటి అధ్యాయం 21వ వచనం చూడండి. బిడ్డకు యేసు అని పేరు ఎందుకు పెట్టాలంటే, తన ప్రజలను వారి పాపాల నుంచి రక్షిస్తాడు కాబట్టి. లూకా మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి, ముసలి జెకర్యా పాడిన పాటలోనూ అదే వరుస. 77వ వచనంలో పాపక్షమాపణ, 79వ వచనంలో మన పాదాలు సమాధాన మార్గంలో నడవడం. ఆ తర్వాతి అధ్యాయంలో గానీ దేవదూతలు గొర్రెల కాపరులకు కనిపించి సమాధానం అనే మాట ఎత్తరు.

అప్పటికే లోకంలో ఇంకో రకం శాంతి నడుస్తోంది. లూకా యేసు పుట్టిన కథని రోమా చక్రవర్తి కైసరు ఔగుస్తు ఆజ్ఞతో మొదలుపెట్టాడు. ఆ ఔగుస్తు తెచ్చిన శాంతికి గుర్తుగా రోములో ఒక బలిపీఠం కట్టి, క్రీస్తుపూర్వం 9లో ప్రతిష్ఠించారు. అది ఇప్పటికీ ఉంది. ఎదురు తిరిగినవాళ్లందరినీ అణిచేశాక వచ్చిన నిశ్శబ్దం అది. మన ఇళ్లలోనూ ఈ రకం శాంతి కొదవేం లేదు. ఒకరు గట్టిగా మాట్లాడతారు, మిగతావాళ్లు సర్దుకుపోతారు, బయటివాళ్లకి ఇల్లు ప్రశాంతంగానే కనిపిస్తుంది.

కాబట్టి మీరు ముందు పని చేయాల్సింది బాకీ మీద. ప్రశాంతత సంగతి తర్వాత.

ఒక్కరినే ఎంచుకోండి

ఈ ఏడాది అందరితోనూ బాగుంటాను అనుకుంటే ఎవరితోనూ ఏమీ జరగదు. ఒక్క మనిషి. పేరు తలుచుకోగానే కడుపులో చిన్నగా బిగుసుకునే మనిషి ఎవరో మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. మరీ పెద్ద గాయంతో మొదలుపెట్టకండి, అలాగని ఏమీ కానిదానితోనూ వద్దు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను చాలా సంఘాలు ఆగమన కాలంగా పాటిస్తాయి. ఇప్పుడు అది అలంకరణల కాలమైపోయింది గానీ, పూర్వం నుంచీ అది తనను తాను పరీక్షించుకునే, పశ్చాత్తాపపడే కాలం. చాలాచోట్ల అప్పుడు ఊదారంగు వస్త్రం పరిచేది అందుకే. ఆ నాలుగు వారాలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. డిసెంబర్ 24 రాత్రి మొదలుపెడితే మాత్రం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

బాకీ ఎంతో కాగితం మీద రాయండి

ఇక్కడ తొందరపడొద్దు. అందరూ దాటేసేది ఈ పనినే.

"సర్లే, పోనీ" అనడం క్షమించడం కాదు. ఎంత పోయిందో చూడకుండా పోనీ అంటే, అది లోపలే ఉంటుంది. సువార్తల్లో క్షమాపణకు వాడిన గ్రీకు మాటకి వదిలేయడం, బాకీ కొట్టేయడం అనే అర్థాలున్నాయి. పరలోక ప్రార్థనలో తెలుగువాళ్లం ఇప్పటికీ అనేది "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే కదా. ఎంతో తెలియని బాకీని కొట్టేయడం కుదరదు.

మత్తయి 18లో యేసు చెప్పిన కథ ఉంది. ఒక దాసుడు రాజుకి పదివేల తలాంతులు బాకీ. వాడికి తోటి దాసుడొకడు నూరు దేనారాలు బాకీ. రాజు వాడి బాకీ అంతా కొట్టేస్తే, వాడు బయటికొచ్చి తోటివాడి గొంతు పట్టుకుంటాడు. ఈ కథ మీద ప్రసంగాల్లో నూరు దేనారాలంటే చిల్లర అన్నట్టు మాట్లాడతారు. నాకు అది నచ్చదు. ఒక దేనారం ఒక కూలివాడి రోజు కూలి. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా కష్టం. ఎవరికైనా అది చిన్న సొమ్మా? యేసు ఆ సంఖ్యని ఊరికే ఎంచుకోలేదనిపిస్తుంది. మీకు జరిగింది చిన్నది అని ఆ కథ అనడం లేదు. నిజంగానే మూడు నెలల కూలి పోయింది.

ఇక అవతలి లెక్క చూడండి. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని చేసేవాడికి రెండు లక్షల ఏళ్లు పడుతుంది. వింటున్న జనం ఆ అంకెకి నవ్వే ఉంటారు.

కాగితం తీసుకుని మూడు సంగతులు రాయండి. జరిగిందేమిటి? దానివల్ల నేను పోగొట్టుకున్నదేమిటి? ఇందులో నాకు తెలిసినదెంత, నేను ఊహించుకున్నదెంత? మూడోది కష్టం.

నా కాగితం సంగతి చెప్తాను. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు అన్నయ్య వస్తానని చెప్పి రాలేదు. పందొమ్మిది రాత్రులు ఆ మంచం పక్కన ఇనుప స్టూలు మీద నేనొక్కణ్ణే ఉన్నాను. నాన్న పోయిన కొన్నాళ్లకి, బంధువులందరి ముందూ ఏదో మాట మీద మాట వచ్చి, "నువ్వేదో ఒక్కడివే చేసినట్టు చెప్పకు" అన్నాడు. అంతే. మూడేళ్లు మాటలు లేవు. మొదటి సంగతి కింద ఇదంతా రాశాను. రెండో సంగతి కింద, నిద్ర, ఆ నెల ఉద్యోగం, నాన్న ఆఖరి రోజుల్లో పక్కన అన్న ఉన్నాడన్న ధైర్యం అని రాశాను. మూడో సంగతి దగ్గర పెన్ను ఆగిపోయింది. "వాడికి నాన్నంటే లెక్కలేదు" అని మూడేళ్లుగా చెప్పుకుంటున్నానే, అది నాకు తెలిసిన సంగతా, ఊహించుకున్నదా? ఊహే. అన్నయ్య ఎందుకు రాలేదో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

రాసిన కాగితం ఎవరికీ చూపించకండి. ఫొటో తీసి ఎవరికీ పంపకండి. దాని పని ఇంకా ఉంది.

కాగితం వెనక్కి తిప్పండి

1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరం మీద బాంబులు వేశాయి. అక్కడి మధ్యయుగాల నాటి పెద్ద చర్చి, కథీడ్రల్, కాలిపోయింది. గోడలు, శిఖరం మిగిలాయి. కాలిన రెండు దూలాలను ఎవరో సిలువలా కట్టి నిలబెట్టారు. అప్పట్లో ఆ కథీడ్రల్‌కి పెద్దగా ఉన్నది రిచర్డ్ హోవర్డ్. శిథిలాల్లో బలిపీఠం వెనక గోడ మీద ఆయన రెండే మాటలు చెక్కించారు. "తండ్రీ, క్షమించుము."

సిలువ మీద యేసు అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది, "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." గోడ మీద చెక్కించినప్పుడు "వీరిని" అన్న మాట లేదు. బాంబులు వేసినవాళ్లనే కాదు, అందరినీ, మమ్మల్ని కూడా అని. ఊరు కాలిపోయాక అలా ఆలోచించగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ ఏడాది క్రిస్మస్ రోజున ఆ శిథిలాల్లోంచే బీబీసీ రేడియోలో మాట్లాడుతూ, పగ ఆలోచనలు పక్కన పెట్టాలని, యుద్ధం అయ్యాక మరింత దయగల, శిశువైన క్రీస్తుకు తగిన లోకాన్ని కట్టాలని ఆయన అన్నారు. అప్పటికి యుద్ధం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. విన్నవాళ్లందరికీ ఆ మాట రుచించి ఉండదు కూడా.

మీ కాగితం వెనక్కి తిప్పి, ఈ గొడవలో మీ వంతు రాయండి. అవతలివాళ్ల తప్పుతో పోల్చకండి. పోలిస్తే మీది ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది. నా వంతు కింద రెండు వచ్చాయి. అన్నయ్య ఫోన్ చేసినప్పుడు కావాలనే ఎత్తలేదు, అదీ నాలుగైదుసార్లు. రెండోది, ఆ పందొమ్మిది రాత్రుల కథని ఎక్కడ సందు దొరికితే అక్కడ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అన్నయ్య ఇంకాస్త చెడ్డవాడయ్యాడు, నేను ఇంకాస్త మంచివాణ్ణయ్యాను.

కొందరికి వెనక వైపు రాయడానికి ఏమీ ఉండదు. నిజంగానే ఉండదు. చిన్నప్పుడు హింసకు గురైనవాళ్లు, నమ్మించి మోసం చేయబడ్డవాళ్లు. మీరు అలాంటివారైతే ఆ వైపు ఖాళీగా వదిలేయండి. ఏదో ఒకటి వెతికి రాయమని ఏ వాక్యమూ మిమ్మల్ని అడగడం లేదు.

వెళ్లకూడని చోటు కూడా ఉంటుంది

ఇది చెప్పకుండా ముందుకు వెళ్తే తప్పు చేసినవాణ్ణవుతాను. క్రిస్మస్ కథలోనే హేరోదు రాజు ఉన్నాడు. వాడు బిడ్డను చంపాలని చూస్తున్నప్పుడు, దూత యోసేపుకి కలలో ఏం చెప్పాడు? వెళ్లి హేరోదుతో సమాధానపడమని చెప్పలేదు. లేచి, తల్లినీ బిడ్డనూ తీసుకుని ఐగుప్తుకి పారిపొమ్మన్నాడు. హేరోదు చచ్చాక తిరిగి వస్తూ కూడా, యూదయలో వాడి కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడని విని యోసేపు అక్కడికి వెళ్లడానికి భయపడ్డాడు, గలిలయకి వెళ్లిపోయాడు. మత్తయి రెండో అధ్యాయం చివర్లో ఉంటుంది. సమాధానకర్త అని మనం పిలిచే యేసు ఇంట్లోవాళ్లే ప్రమాదం నుంచి తప్పుకున్నారు.

కొట్టే మనిషి, బెదిరించే మనిషి, పిల్లలకు హాని చేసిన మనిషి అయితే ఇంటికి వెళ్లకండి, ఒంటరిగా కలవకండి. క్షమించడానికి వాళ్ల ముందు నిలబడాల్సిన అవసరం లేదు. పోలీసులకు ఫిర్యాదు చేయడం, కోర్టుకి వెళ్లడం క్షమాపణకు విరుద్ధం కాదు. "పండగ పూట కేసు వెనక్కి తీసుకో, యేసు క్షమించమన్నాడు కదా" అని ఎవరైనా, పాస్టరుగారైనా సరే, ఒత్తిడి చేస్తే ఒప్పుకోకండి.

క్షమించడం వేరు, మళ్లీ కలవడం వేరు, మళ్లీ నమ్మడం వేరు. మొదటిది మీరొక్కరే దేవుడి ముందు చేయగలరు. రెండోదానికి ఇద్దరు కావాలి. లూకా 17లో యేసు, సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అన్నాడు. గద్దించడం కూడా ఆ పనిలో భాగమే. మూడోదానికి కాలం కావాలి, అవతలివాళ్లు మారినట్టు కనబడాలి. రోమా 12:18లో పౌలు ఎంత జాగ్రత్తగా రాశాడో చూడండి, "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండండి అని. రెండు షరతులు పెట్టాడు. మీ చేతిలో లేనిదానికి మిమ్మల్ని నిలదీయడు.

బాకీ కొట్టేయండి

ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రార్థన చేయండి. పెద్ద మాటలు అక్కర్లేదు. "ప్రభువా, ఈ మనిషి నాకు ఇది బాకీ. ఇది నేను ఇక వసూలు చేయను. నువ్వు చూసుకో." అంతే. కావాలంటే కాగితం మీద అడ్డంగా గీత కొట్టండి.

ఆ క్షణంలో మీకు ఏమీ అనిపించకపోవచ్చు. నాకైతే ఏమీ అనిపించలేదు, ఆకలి వేసింది. మనసు తేలికపడితేనే క్షమించినట్టు అనుకుంటారు చాలామంది. బాకీ కొట్టేయడం ఒక నిర్ణయం. మనసు దాని వెనకాల మెల్లగా వస్తుంది, ఒక్కోసారి చాలా మెల్లగా. ఇక వసూలు చేయను అంటే ఏమిటో మాత్రం తెలుసుకుని అనండి. దెప్పడం ఉండదు. నలుగురిలో ఆ కథ చెప్పడం ఉండదు. వాళ్లకి కష్టం వస్తే లోపల్లోపల సంతోషించడం ఉండదు. ఇందులో చివరిదే నాకు కష్టమైంది.

ఇప్పుడు వెళ్లండి

మత్తయి 5లో ఒక మాట ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ ఇస్తూ ఉండగా నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి, వెళ్లి, మొదట అతనితో సమాధానపడు అని. యేసు ఈ మాట అన్నది గలిలయలో. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైనే, కాలినడకన మూడు నాలుగు రోజులు. అంటే అర్పణ అక్కడ వదిలేసి, ఇంటికి నడిచి, మాట్లాడి, మళ్లీ నడిచి రావాలన్నమాట. విన్న కాపరులూ జాలరులూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటారు. మనకి ఫోన్ ఉంది.

ఆ వాక్యంలో ఇంకొకటి గమనించండి. "నీ మీద అతనికి" ఏదో ఉంటే వెళ్లమన్నాడు. కాగితం వెనక వైపు ఉన్నది ముందు మాట్లాడమని నేను అనేది అందుకే.

ఎప్పుడు? క్రిస్మస్ రోజు మాత్రం వద్దు. ఆరాధన అయ్యాక అందరూ ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకునే హడావిడిలో చేయి కలిపితే అయిపోయినట్టు ఉంటుంది, ఏమీ అవ్వదు. ఒక వారం ముందైనా మాట్లాడండి. ఎక్కడ? ఇద్దరే ఉన్న చోట. మత్తయి 18:15లో కూడా నువ్వూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు అనే ఉంది. యోసేపు సంగతి చూడండి, మరియ గర్భవతి అని తెలిశాక, దూత ఇంకా కలలోకి రాకముందు, తను మోసపోయానని అనుకుంటున్న సమయంలో కూడా ఆమెని నలుగురిలో అవమానపరచడం ఇష్టంలేక రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే క్షమాపణలు, ఫ్యామిలీ గ్రూపులో అందరూ చూసేలా చేతులు జోడించిన బొమ్మలు, ఇవన్నీ ఆ మనిషిని ఇరకాటంలో పెట్టడానికే పనికొస్తాయి.

ఏం మాట్లాడాలి? నేను అన్నయ్యకి మొదట టైప్ చేసిన మెసేజ్ ఇది:

"అన్నయ్యా, క్రిస్మస్ శుభాకాంక్షలు. జరిగిందేదో జరిగిపోయింది. నేనేమైనా తప్పు చేసి ఉంటే క్షమించు. కానీ నువ్వు కూడా ఒకసారి ఆలోచించు."

చదివితే మర్యాదగానే ఉంది. పంపబోయి ఆగాను. "జరిగిందేదో జరిగిపోయింది" అంటే లెక్క చూడకుండా పుస్తకం మూసేయడం. "ఏమైనా చేసి ఉంటే" అంటే చేశానో లేదో నాకు తెలియదన్నట్టు. వెనక వైపు నా చేత్తోనే రాసుకున్నాక ఇంకా ఆ "ఉంటే" ఏమిటి? ఇక "కానీ". ఆ ఒక్క మాటతో ముందున్నదంతా కొట్టుకుపోతుంది. అదంతా తీసేసి ఇలా రాశాను:

"అన్నయ్యా, నువ్వు ఫోన్ చేసినప్పుడు కావాలనే ఎత్తలేదు. మనవాళ్ల దగ్గర నీ గురించి తక్కువ చేసి మాట్లాడాను. రెండూ తప్పే. నన్ను క్షమించు. నీకు వీలైనప్పుడు ఒకసారి మాట్లాడాలని ఉంది."

మీరూ ఇలాగే రాసి చూసుకోండి. "ఉంటే", "కానీ", "అసలు" ఎక్కడున్నాయో వెతికి కొట్టేయండి. మీ బాధ చెప్పుకోవద్దని కాదు. దానికి ఇంకో పూట ఉంది. రెండూ ఒకే ఊపిరిలో చెబితే అవతలివాళ్లకి రెండోదే వినిపిస్తుంది.

మీవల్ల డబ్బో వస్తువో పరువో పోయి ఉంటే, మాటతో సరిపెట్టకండి. సుంకం వసూలు చేసే జక్కయ్య యేసు ముందు నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. నేను అన్నయ్య గురించి ఎవరెవరి దగ్గర మాట్లాడానో, వాళ్లలో ముగ్గురికి ఫోన్ చేసి "అప్పుడు నేను ఒక వైపే చెప్పాను" అన్నాను. అన్నయ్యతో మాట్లాడటం కంటే ఆ మూడు ఫోన్లే కష్టమయ్యాయి.

అటు నుంచి ఏం వస్తుందో

రకరకాలుగా రావచ్చు. కొందరు ఏడుస్తారు. కొందరు "అవన్నీ నేనెప్పుడో మర్చిపోయాను" అంటారు, మర్చిపోలేదని మీకూ తెలుసు. కొందరు ఇదే సందని మీ మీద పాత చిట్టా అంతా విప్పుతారు. అప్పుడు వినండి. జవాబు చెప్పడానికి నోరు దురద పెడుతుంది, అయినా ఆ పూటకి వినండి. కొందరు మెసేజ్ చూసి వదిలేస్తారు. రెండు నీలం గీతలు కనిపిస్తుంటాయి, జవాబు రాదు. మళ్లీ మళ్లీ పంపకండి. తలుపు తీసి పెట్టారు, అది చాలు. మీ చేతనైనంత మట్టుకు చేశారు.

మధ్యలో ఉండే పెద్దవాళ్లకి ఒక మాట. ఇద్దరినీ పిలిచి, అందరి ముందూ చేతులు కలిపించి, ఫొటో తీసి, అయిపోయింది అనకండి. ముఖ్యంగా పిల్లలతో అలా చేయించకండి. సమాధానం లేనప్పుడు సమాధానం, సమాధానం అని చెబుతూ గాయాన్ని పైపైన మాన్పుతున్నారని యిర్మీయా 6:14లో దేవుడే కోప్పడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 క్రిస్మస్‌కి, పశ్చిమ యుద్ధరంగంలో చాలాచోట్ల బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాల్లోంచి పైకి వచ్చి, పాటలు పాడుకుని, చిన్నచిన్న బహుమతులు ఇచ్చిపుచ్చుకుని, మధ్యలో పడి ఉన్న శవాలను పాతిపెట్టుకున్నారు. ఎంత అందమైన సంగతో. తర్వాత మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. మరుసటి ఏడు అలాంటివి జరగకూడదని పై అధికారులు గట్టిగా ఆదేశాలిచ్చారు. యుద్ధం 1918 నవంబర్ దాకా నడిచింది. ఆ ఒక్క రోజు అబద్ధమని నేను అనను. కాకపోతే ఆ రోజు ఎవరూ బాకీ మాట ఎత్తలేదు, ఎత్తే అధికారం ఆ కుర్రాళ్లకి లేదు. మీకుంది.

డిసెంబర్ 26

పాశ్చాత్య సంఘ క్యాలెండర్‌లో క్రిస్మస్ మరుసటి రోజు స్తెఫను దినం. రాళ్ల దెబ్బలకు చనిపోతూ, "ప్రభువా, వారిమీద ఈ పాపము మోపకుము" అన్న స్తెఫను. పశువుల తొట్టి పక్కనే ఆ రాళ్లను ఎందుకు పెట్టారో ఎవరైనా ఆలోచించారా అనిపించేది. ఇప్పుడు ఆ తేదీని నేను ఇలా వాడుకుంటున్నాను. పండగ అయిపోయాక, కొట్టేసిన బాకీ మళ్లీ తల ఎత్తుతుంది. ఎవరో ఒక మాట అంటారు, పాత ఫొటో కనబడుతుంది, రాత్రి పడుకున్నాక ఆ రోజంతా కళ్ల ముందు తిరుగుతుంది. అలా వచ్చిందంటే నేను అసలు క్షమించనే లేదేమో అని కంగారుపడకండి. పేతురు ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడిగితే, డెబ్బై ఏడుల సార్ల దాకా అన్నాడు యేసు. అది డెబ్బై ఏడుల తప్పుల గురించే కానక్కర్లేదు. ఒకే తప్పు అన్నిసార్లు గుర్తొస్తుంది మరి. వచ్చిన ప్రతిసారీ అదే మాట అనుకోండి, ఇది నేను వసూలు చేయనన్నాను అని. కాగితం ఉంటే తీసి గీత చూసుకోండి.

అన్నయ్య ఆ మెసేజ్‌కి రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు రాత్రి ఫోన్ మోగింది. ఎత్తి "అన్నయ్యా" అన్నాను. అటునుంచి కాసేపు ఏమీ లేదు. తర్వాత, "ఏంట్రా, పడుకున్నావా?" అన్నాడు. లేదన్నాను. పిల్లల చదువుల గురించి అడిగాడు. పది నిమిషాల తర్వాత, పెట్టేసే ముందు, "ఆ రోజుల్లో నా పరిస్థితి నీకు తెలీదురా" అన్నాడు. ఏమిటో చెప్పలేదు. నేను రెట్టించలేదు.

ఆ పందొమ్మిది రాత్రుల గురించి అన్నయ్య ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఫోన్ చేస్తాడు. మొదటి రింగుకే ఎత్తుతాను.